తలుపు పెట్టనీయని గుమాస్తా

మా పంచాయతీ గుమాస్తా పోయి నెల దాటింది. ఆ కబురు తెచ్చింది బస్సు కండక్టరు. పొద్దున ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పోయే బస్సు మా ఊళ్ళో ఆగినప్పుడు దిగి, నన్ను చూసి, "మీ పాత గుమాస్తా రాత్రి కూతురింట్లో పోయినాడప్పా. ఈ పొద్దే మన్ను జేస్తారంట" అని చెప్పి మళ్ళీ బస్సెక్కాడు. నేను ఎదురుబస్సు పట్టుకొని ఆళ్ళగడ్డ పోయాను. చర్చి వెనక సమాధుల తోటలో ఆయన మీద గుప్పెడు మన్ను వేసి వచ్చాను.

మూడోనాడు మా పంచాయతీ బోర్డువాళ్ళు సంతాప తీర్మానం రాసి నా ముందు పెట్టారు. నేను కూడా ఒక మెంబర్ని కదా, సంతకం కావాలి. 'విధేయుడు, వినయశీలి, పెద్దల మాట జవదాటనివాడు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. చదివేసరికి ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ ఆయనను మాట వినని మొండివాడని తిట్టినవాళ్ళు, కన్ను మూయగానే విధేయుణ్ణి చేసేశారు. నేను సంతకం పెట్టలేదు. ఆయన పెద్దల మాట జవదాటాడు. నలుగురి ముందూ, పట్టపగలు, కావాలనే దాటాడు. అది రాయని కాగితం మీద నా పేరు ఉండనక్కరలేదు. అందుకని నాకు తెలిసింది నేనే రాస్తున్నాను, మీరు చదవండి.

కర్నూలు రాజధాని అయిన ఏడాది నేను మెంబరుగా గెలిచాను. అప్పటికి నాకు తెలిసిన ప్రభుత్వమంతా మునసబు, కరణం, కాలువకు నీళ్ళు వదిలే లస్కరు. బోర్డుకు ఆస్తులుంటాయని, వాటిని కౌలుకు ఇస్తారని, ఇచ్చేటప్పుడు షరతులు పెడతారని నాకేం తెలుసు? గుమాస్తానే నన్ను ఊరంతా తిప్పి చూపించాడు. బస్సులాగే చోట రెండు అంగళ్ళు, పంటచేలల్లో పడ్డ గొడ్లను కట్టేసే బందెలదొడ్డి, వాగు గట్టున చింతచెట్లు, సంతలో సావిడి. ఇంతేనా బోర్డు సొత్తు అని నేను నవ్వితే, ఆయన నవ్వలేదు. "బోర్డు సొత్తంటే బోర్డోళ్ళ సొత్తు గాదప్పా. మనల్ని కావలికి పెట్టినారు, కాపురానికి గాదు" అన్నాడు. గెలిచిన కొత్తలో ఆ మాట నాకు చేదుగానే ఉండింది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎంత ఎండలోనైనా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, చెనిక్కాయలు నూరిన ఊరిమిండి. తిన్నాక చేతులు రెండుసార్లు కడుక్కొని, పంచెకు తుడుచుకొని, ఎండకు చూపించి, అప్పుడుగానీ దస్తావేజుల పెట్టె తెరిచేవాడు కాదు. కాగితానికి కూడా ఎంగిలి అంటుతుందా అన్నా అని ఒకసారి ఎగతాళి చేశాను. నూనె పడితే అక్షరం పోతుంది, అక్షరం పోతే అడిగే హక్కు పోతుంది అని, నా చేతులు కూడా కడిగించాడు.

బందెలదొడ్డి కౌలుదారుకు ఒక షరతు ఉండేది. తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ ఎండిపోకూడదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఊరంతా తలుపులేసుకొని పడుకుంటే, ఈయన దొడ్డికి పోయి రాతితొట్టిలో మోచేతిదాకా చేయి పెట్టి చూసేవాడు. తడిసిన చొక్కాచేత్తో తిరిగి వస్తుంటే, ఈరోజు గొడ్లకు నీళ్ళున్నాయని మాకు తెలిసిపోయేది. ఒకరోజు చేయి పొడిగా వచ్చింది. దొడ్డి గేటు బార్లా తీసి, ఉన్న గొడ్లన్నిటినీ బయటికి తోలేశాడు. కౌలుదారు లబోదిబోమంటూ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు. "నువ్వు నీళ్ళు పెట్టేది ఇడిచినావు, నేను గొడ్లను ఇడిచినా" అని చెప్పి గుమాస్తా తన పనిలో పడ్డాడు. ప్రెసిడెంటు ఆరోజు చానా కోప్పడ్డాడు. మర్నాడు మధ్యాహ్నం గుమాస్తా మళ్ళీ దొడ్డికి పోయాడు.

ఇక ఆయన వేలం పెట్టే తీరు చెప్పాలి. ఏటా ఉగాదికి ముందు, సంతరోజున, సావిడి ముందర వేలం. దండోరా వేసినాక ఆయన నిలబడేవాడు. కూర్చొని ఏనాడూ చదవలేదు. ఒక్కొక్క షరతూ మామూలు మాటల్లో చదివి, తలెత్తి, "ఇన్నారా?" అని అడిగేవాడు. జనం "ఇన్నాం" అనాలి. అనకపోతే రెండో షరతుకు పోడు. మళ్ళీ అదే చదువుతాడు. తొందరపడే వేలంపాటగాళ్ళు తిట్టుకునేవాళ్ళు. పెండ్లి మంత్రాలకైనా ఇంతసేపు పట్టదని పరాచికాలాడేవాళ్ళు. కానీ తప్పించుకునే దారి లేదు గనక, త్వరగా ముగియాలని, షరతు పూర్తయిందో లేదో గొంతెత్తి "ఇన్నాం" అనడం అందరికీ అలవాటైపోయింది. పిలకాయలు గోలీలాడుతూ కూడా "ఇన్నారా, ఇన్నాం" అనుకునేవాళ్ళు.

సావిడి సంగతికి వస్తాను. ఆ స్థలం బోర్డుకు దానమిచ్చింది ఒక రైతు కుటుంబంలోని ముసలమ్మ. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె కూడా గంప నెత్తిన పెట్టుకొని సంతకు వచ్చి, వానలో తడుస్తూ వంకాయలమ్మిందట. తర్వాత చేతికి నాలుగు దుడ్లు వచ్చినాక రాతికంబాలు నిలబెట్టించి, బేతంచెర్ల బండలు పరిపించి, పైకప్పు వేయించి ఇచ్చింది. దానపత్రంలో రెండు షరతులు రాయించింది. సావిడికి ఏ వైపునా తలుపు పెట్టకూడదు. నెత్తిన గంపతో వచ్చినవాళ్ళను అక్కడినుంచి లేపకూడదు, వాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదు. బండ్ల మీద సరుకు తెచ్చే వ్యాపారుల దగ్గర రుసుము తీసుకునే హక్కు మాత్రమే బోర్డు ఏటేటా వేలం వేసేది. చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లారకముందే నడిచివచ్చే ఆడవాళ్ళు ఆ నీడన కూర్చొని ఆకుకూరలు, మిరపకాయలు, కోడిగుడ్లు అమ్ముకునేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఆ సంతబేరమే ఇంట్లో పొయ్యి వెలిగించేది.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన తర్వాతి సంగతి. మా దారిన లారీలు పెరిగాయి. సిమెంటు, ఎరువుల మూటలు అమ్మే ఒక లారీ సాహుకారుకు సావిడి మీద కన్నుపడింది. నాలుగువైపులా గోడ లేపి, తలుపు పెట్టుకుంటే మంచి గోడౌను అవుతుందన్నాడు. ప్రెసిడెంటుకు నచ్చింది. గంపలవాళ్ళు చెట్టుకిందైనా కూర్చుంటారులే అన్నాడు. వచ్చే రాబడితో మా వీధికి రోడ్డు వేయిస్తానని నాతో అన్నాడు. తీర్మానానికి చేతులెత్తమన్నప్పుడు నేనూ ఎత్తాను. దాచడమెందుకు, అందరికన్నా ముందు ఎత్తాను. మా వీధిలో వానాకాలం మోకాలిలోతు బురద.

ఆ సాయంత్రమే గుమాస్తా మా చేని దగ్గరకు నడిచి వచ్చాడు. గట్టు మీద నిలబడి సూటిగా అడిగాడు.

"ఏందప్పా, చేయి ఎత్తినావంట?"

రోడ్డు సంగతి చెప్పాను. ముసలమ్మ పోయి ఎన్నేండ్లయింది, ఇప్పుడు అడిగేవాళ్ళెవరని కూడా అన్నాను.

"ఆమె పాయ. ఆమె మాట యాడికి పోతాది? రోడ్డు కావాలంటే పైవాళ్ళతో కొట్లాడు, నేనూ వస్తా. ఆ ఆడోళ్ళ నెత్తిమీద నడిచే రోడ్డు నీకెందుకప్పా?"

నా సమాధానం కోసం ఆగకుండా గట్టు దిగి వెళ్ళిపోయాడు.

వేలంరోజు పొద్దున నేను ఆఫీసులోనే ఉన్నాను. ప్రెసిడెంటు ఆయనను పిలిచి, సావిడి షరతుల్లో ఆ రెండూ చదవద్దని చెప్పాడు. చదివితే ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నాడు. గుమాస్తా మెడ దగ్గరి గుండీ సరిచూసుకొని బయటికి నడిచాడు. ఆయనకప్పుడు పెండ్లికెదిగిన కూతురుంది, సొంతిల్లు లేదు. అది నాకూ తెలుసు, ప్రెసిడెంటుకూ తెలుసు.

అంగళ్ళ షరతులు చదివాడు. ఇన్నాం. దొడ్డివి చదివాడు. ఇన్నాం. చింతచెట్లవి చదివాడు, కాయ దులిపేటప్పుడు కొమ్మ విరవకూడదని. అందరికన్నా గట్టిగా "ఇన్నాం" అన్నది లారీ సాహుకారే. లారీలు కొనకముందు ఐదారేండ్లు ఆ చెట్లు వేలంలో పాడుకున్నవాడు గనక ఆయనకు ఆ పద్ధతి ఒంటబట్టి ఉంది. సావిడి వంతు వచ్చింది. బండలు ఊడ్చి శుభ్రంగా పెట్టాలని చదివాడు. ఇన్నాం. కప్పు కురిస్తే బాగుచేయించాలని చదివాడు. ఇన్నాం. ఊపిరి తీసుకోకుండా, గొంతు పెంచకుండా, తర్వాతిది చదివాడు.

"ఈ సావిడికి ఏ పక్కనా తలుపు పెట్టకూడదు. ఇన్నారా?"

ప్రెసిడెంటు చటుక్కున తలతిప్పాడు. అందరూ ప్రెసిడెంటు వైపు చూస్తుంటే, వక్కాకు నములుతూ, ఎటో చూస్తూ, లారీ సాహుకారు ఒక్కడే గట్టిగా "ఇన్నాం" అన్నాడు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. మొహం ఎర్రబడింది. సావిడిలో ఒక ఆడమనిషి కిసుక్కున నవ్వింది, ఆ వెంటనే సంతంతా నవ్వింది. అలవాటులో నోరు జారిందని, తన ఉద్దేశం అది కాదని సాహుకారు సణిగాడు. గుమాస్తా మాత్రం నవ్వలేదు.

"జారితేనేమప్పా, నీ నోరే గదా. తలుపు లేకుండా పాడుకుంటానని నలుగురిలో ఒప్పుకున్నావు. ఇంక పాడు" అన్నాడు.

తలుపు లేని గోడౌనులో సిమెంటు ఎవడు పెడతాడు? సాహుకారు తుండుగుడ్డ దులుపుకొని లేచిపోయాడు. ప్రెసిడెంటు వేలం ఆపమని అరిచాడు. అప్పుడు నా కాళ్ళు నన్ను లేపాయి. నేను ఎత్తిన చేయి నేనే దించుకుంటున్నానని సంతలో చెప్పాను. నా తర్వాత ఇంకో ఇద్దరు లేచారు, తీర్మానానికి బలం చాలలేదు. ఆ ఏడాది కూడా సావిడి హక్కు ఎప్పటిలాగే, ఉన్న షరతులతోనే వేలమైంది. మా వీధిలో ఈరోజుకూ బురదే. ఉండనీ, కాళ్ళు కడుక్కుంటాను.

ఆయనను ఊరికే వదిలారా? వదల్లేదు. పై మాట ధిక్కరించాడని రాసి, ఆస్తుల పని పీకేసి, జనన మరణాల రిజిస్టరు దగ్గర ఒక మూలన కూర్చోబెట్టారు. వేలంలో మళ్ళీ నిలబడనీయలేదు. నేను బాధపడితే, "సచ్చినోళ్ళ పేర్లు రాస్తాండా. మంచోళ్ళు, మాట మార్చరు" అని నన్నే ఓదార్చాడు. ఆయన ఆ మూలన ఉన్నంతకాలం సావిడి జోలికి పోయే ధైర్యం ఎవరికీ రాలేదు. పోయినేడు ఉద్యోగం ముగిసి ఆళ్ళగడ్డకు కూతురి దగ్గరకు వెళ్ళిపోయాడు. నేను చూడబోతే మంచంలో ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు. కుశలం అడగలేదు, తలుపు పెట్టారా అని అడిగాడు. ఇంకా లేదన్నాను.

"ఇంకా అంటావేందప్పా" అన్నాడు.

ఆ మాటకు సిగ్గుతో తలవంచుకున్నాను. అదే ఆయన నోట నేను విన్న చివరి మాట.

ఆయన పోయిన నెలకే ఈ ఏటి వేలం వచ్చింది. వేలానికి వారం ముందే ఎవరో సావిడి రాతికంబాలకు తలుపు తగిలించే ఇనుప కొక్కేలు దిగగొట్టారు. దానపత్రం పెట్టెలో కనబడటం లేదన్నారు. కొత్త గుమాస్తా చెడ్డవాడు కాదు, బిడ్డలు గలవాడు. చెప్పినట్టు రెండు ముక్కలు చదివి కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

నేను లేచాను. చేతిలో కాగితం లేదు. "ఈ సావిడికి ఏ పక్కనా" అని మొదలుపెట్టాను. ఆయన గొంతు చెవిలో వినబడింది. సిగ్గుపడటానికేముంది, ఏడ్చాను. అప్పుడు నా వెనక, సావిడిలోంచి, ఆకుకూరలమ్మే ముసలామె అందుకుంది. "తలుపు పెట్టకూడదు." పక్కన మిరపకాయలామె, "నెత్తిన గంపతో వచ్చినోళ్ళని లేపకూడదు, వాళ్ళకాడ ఏమీ తీసుకోకూడదు." వాళ్ళలో ఒక్కరికీ ఓనమాలు రావు. ఆయన చదువుతుంటే ఏటేటా విని విని, పత్రమంతా వాళ్ళ నోళ్ళలో ఉంది. ఒక్క అక్షరం పోలేదు.

చెప్పడం అయిపోయినాక ముసలామె "ఇన్నాం" అనలేదు. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, ప్రెసిడెంటు వైపు, మా బోర్డు మొత్తం వైపు చూసి, "ఇన్నారా?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. పెద్ద తొందరేమీ లేనట్టు, ఆమె మొదటినుంచి మళ్ళీ చెప్పింది. మళ్ళీ అడిగింది. మూడోసారికి, తలవంచుకునే, ప్రెసిడెంటు "ఇన్నాం" అన్నాడు.

కొక్కేలు ఊడదీయమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ తీయలేదు. మొన్న సంతరోజు పోయి చూశాను. ఎండ సావిడికి ఈ పక్కన దూరి ఆ పక్కన బయటపడుతోంది. కింద వరసగా గంపలు. కంబాలకున్న ఒక్కొక్క కొక్కేనికీ ఒక్కొక్క సద్దిమూట వేలాడుతోంది.