మందారానికి ఊడ్పు

మాది పాలకొల్లు దగ్గర వరి పండించే ఊరు. ఊడ్పుల రోజుల్లో మోకాటి లోతు బురదలో దిగి నాట్లు వేసిన వంశం మాది అని చెప్పుకోవడం నాకు భలే సరదా. నిజానికి మా వంశం సంగతేమో గానీ, నేను మాత్రం గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డవాణ్ణి. ఒక్క వర్షాకాలంలో మాత్రం ముచ్చటపడి చేలోకి దిగాను. జలగ పట్టుకుందని ఊరంతా వినపడేలా అరిచి గట్టెక్కాను. ఆ కాస్త అనుభవంతోనే నాటడమనే విద్య నా రక్తంలో ఉందని పెళ్లయిన కొత్తలో మా ఆవిడ దగ్గర కోతలు కోసేవాణ్ణి. ఆమెది పిఠాపురం. విని ఊరుకునేది.

తొంభైల చివర్లో మేం రాజమండ్రిలో ఒక మేడ మీది వాటాలో అద్దెకుండేవాళ్లం. అప్పటికి మా అత్తగారు పోయి కొన్ని నెలలైంది. పిఠాపురంలో వాళ్లింటి వాకిట్లో ఆవిడ పెంచిన ముద్ద మందారం ఒకటి ఉండేది. లేత నారింజ రంగు పువ్వు, నడుమ కాస్త ఎరుపు. ఆవిడ రోజూ పొద్దున్నే ఆ పూలు కోసి దేవుడి దగ్గర పెట్టి, ఒక్కటి మాత్రం కూతురి జడకి దాచేవారట. ఆవిడ పోయాక మా బావమరిది పాత పెంకుటిల్లు తీసేసి డాబా మొదలుపెట్టాడు. పునాదికి అడ్డమొచ్చిందని మందారాన్ని కొట్టేశారు. కబురు తెలిసి మా ఆవిడ వెళ్లేసరికి చెట్టు ఇటుకల పక్కన పడి ఉంది. ఇంకా వాడని కొమ్మల్లోంచి మూడు ముక్కలు కోసి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది.

నేను ఓదార్చబోయాను. "దీనికింత బాధేంటి? కడియం ఇక్కడికి ఎంత దూరమని? నర్సరీల్లో ఎన్ని మందారాలు కావాలంటే అన్ని దొరుకుతాయి."

"అవి మందారాలండి. ఇది మా అమ్మది" అంది.

మూడు కొమ్మల్నీ ఒక ఖాళీ పచ్చడి సీసాలో నీళ్లు పోసి వంటింటి కిటికీలో పెట్టింది. రోజూ నీళ్లు మార్చేది. కొన్ని వారాలకి కింద తెల్లగా, సేమ్యా ముక్కల్లా వేళ్లు వచ్చాయి. ఆమె ముఖంలో చాలా కాలానికి నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూసి ఊరుకుంటే బాగుండేది. నేను ఊరుకునే రకం కాదు.

ఒక ఆదివారం ఆమె కూరగాయలకి వెళ్లినప్పుడు నా వంశ విద్య బయటికి తీశాను. వరికి మేం ఏం చేస్తాం? ఆకుమడిలోంచి నారు పీకుతాం, వేళ్లకున్న మట్టిని నీళ్లలో జాడించి కడిగేస్తాం, కట్ట కట్టి ఎండలో గట్టు మీద పడేస్తాం, తర్వాత నీళ్లు పెట్టి బురదగా తొక్కి దమ్ము చేసిన చేలో గుచ్చేస్తాం. నాలుగు రోజులు పసుపు పచ్చగా అయినా తర్వాత అదే లేచి నిలబడుతుంది. మందారం మాత్రం ఏం గొప్పది? కుండీలో గోదావరి ఒండ్రు మట్టి నింపి, నీళ్లు పోసి, కాలితో తొక్కడానికి కుండీ చాలక చేత్తోనే పిసికి, మంచి దమ్ము చేశాను. ఒక కొమ్మ తీసి, వేళ్లు శుభ్రంగా జాడించి, బొటనవేలితో బురదలోకి నొక్కాను. మిట్టమధ్యాహ్నం, డాబా మీద, ఎండ దంచేస్తోంది. నడుము పట్టుకుని నిటారుగా నిలబడి నుదుటి చెమట తుడుచుకున్నాను. ఊడ్పు చేసినవాళ్లు అలాగే చేస్తారని చూసి ఉన్నాను.

మా ఆవిడ సంచీతో మెట్లెక్కి వచ్చేసరికి ఆకులన్నీ తడి గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి. "రేపటికి లేస్తుంది, వరి కూడా ఇంతే" అన్నాను. మర్నాటికి కొమ్మ నల్లబడింది.

రెండోది ఇంకా శ్రద్ధగా చంపాను. ఎండ వల్లే పోయిందని తేల్చుకుని ఈసారి నీడలో పెట్టాను. బలం సరిపోదేమోనని, ఊళ్లో మా నాన్న దగ్గర్నుంచి తెచ్చిన యూరియా వేశాను. చిటికెడంటే చిటికెడే. అయితే ఎకరాలకి యూరియా చల్లే ఇంట్లో చిటికెడు కొంచెం పెద్దగానే ఉంటుంది. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. ఈసారి రేపటికి లేస్తుందని అనలేక, ఆడపిల్ల కూడా ఊడ్చిన నారే కదా, పుట్టింట్లోంచి పీకి అత్తింట్లో నాటితే తేరుకోవడానికి టైం పడుతుంది అంటూ ఏదో వేదాంతం మొదలుపెట్టాను.

"నన్నెవరూ జాడించి, తొక్కి, యూరియా వెయ్యలేదండి" అంది. "ఈ మూడోదాని జోలికి మీరు రావద్దు. చేతులెత్తి దణ్ణం పెడతాను."

ఆమె నిజంగానే చేతులు జోడించింది. నాకు నవ్వొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఆ సీసాలో మిగిలిన ఒక్క కొమ్మ తప్ప ఆ చెట్టు ఇంకెక్కడా లేదన్న సంగతి అప్పుడు నా బుర్రకెక్కింది. సిగ్గేసింది.

ఆమె చేసిన పని నాకు పిచ్చిపనిలా కనిపించింది. కొమ్మని సీసాలోంచి తియ్యలేదు. రోజూ పొద్దున్నే కాస్త ఇసుక కలిపిన మట్టి ఆ నీళ్లలోనే జల్లేది. సీసాలో నీళ్లు తగ్గుతూ మట్టి పెరుగుతూ వచ్చింది. "సీసాలో సేద్యమా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"నీళ్లలో పుట్టిన వేరండి ఇది. మట్టంటే ఏంటో దానికేం తెలుసు? కొంచెం కొంచెం అలవాటు చెయ్యాలి. అమ్మ ఇలాగే చేసేది."

సీసా నిండా మట్టి అయ్యాక, ఒక సాయంత్రం ఎండ వాలాక, సీసాని గుడ్డలో చుట్టి సుతారంగా పగలగొట్టి, మట్టి ముద్ద విడిపోకుండా అలాగే కుండీలో దింపింది. నన్ను దూరంగా నిలబడి దీపం పట్టుకోమంది. కరెంటు పోయింది లెండి, లేకపోతే ఆ పాటి ఉద్యోగం కూడా దొరికేది కాదు.

ఆ వెంటనే మా అత్తగారి సంవత్సరీకం వచ్చింది. నాకు మార్చి నెలాఖరు, ఆఫీసులో సెలవు ఇవ్వలేదు. బస్సు కుదుపులకి వేళ్లు కదులుతాయని ఆమె కుండీని వదిలి వెళ్లక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నీడలో ఉంచండి. మట్టి ఆరితేనే నీళ్లు పొయ్యండి. ముట్టుకోకండి, పీకి చూడకండి. ఏమీ చెయ్యకండి, అంతే" అంది.

ఏమీ చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. మొదటి రోజే ఒక ఆకు పసుపయ్యింది. కుండీ ఎత్తుకుని ఇల్లంతా నీడ వెతికాను. చివరికి ఇంట్లోకెల్లా చల్లటి చోటని స్నానాల గదిలో పెట్టి, నేను పెరట్లో నుయ్యి దగ్గర స్నానం చెయ్యడం మొదలెట్టాను. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మగారు, "ఏవండీ, పైన నీళ్లు రావట్లేదా?" అని అడిగారు. "వస్తున్నాయండి, గది ఖాళీ లేదు" అన్నాను. మా ఆవిడ ఊళ్లో లేదని తెలిసిన ఆవిడ నా వైపు అదోలా చూశారు.

ఆకులు ఒక్కొక్కటే రాలాయి. మా ఆవిడ ఓనరమ్మగారింటికి ఫోన్ చేసి మొక్క ఎలా ఉందని అడిగింది. "ఉంది" అన్నాను. పక్కనే నిలబడ్డ ఓనరమ్మగారు, "ఎలా ఉందని కదండీ అడుగుతోంది" అని అందించారు. కార్యం ముందు రోజు ఆమెకి ఆ మాట ఎలా చెప్పను? "ఉంది, నువ్వు రా" అని పెట్టేశాను.

ఆమె వచ్చేసరికి కుండీలో పుల్ల మాత్రం ఉంది. ఒక్క ఆకు లేదు. "ఈసారి నేనేం చెయ్యలేదే, ఒట్టు" అన్నాను. ఆమె సంచీ కూడా దించకుండా స్నానాల గది గడప మీద కూర్చుని, వేలి గోటితో ఆ పుల్ల మీద బెరడుని సన్నగా గీకింది. లోపల పచ్చగా ఉంది. తడిగా, లేతగా.

"బతికే ఉందండి" అంది. "ఆకుల్ని మొయ్యలేక వదిలేసింది, అంతే." ఇంకేదో చెప్పబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంవత్సరీకం నాడు ఏడవలేదని తర్వాత మా బావమరిది చెప్పాడు.

వానలు పడ్డాక చిగుళ్లు వచ్చాయి. మరుసటి ఏడు లేత నారింజ రంగు పువ్వు పూసింది. అది చూడ్డానికి వచ్చిన మా బావమరిది కుండీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆఖరికి, "అక్కా, నాకో అంటు ఇస్తావా?" అని అడిగాడు. ఆ చెట్టు కొట్టించిన రోజునుంచీ అతనితో ముక్తసరిగా మాట్లాడే మా ఆవిడ లోపలికెళ్లి ఇంకో ఖాళీ పచ్చడి సీసా కడిగింది.

ఆ సీసా మట్టితో నిండాక ముగ్గురం పిఠాపురం వెళ్లాం, సీసాతో కలిపి. డాబా ముందు కాస్త జాగా వదిలి ఉంచాడు. ఎండ వాలేదాకా ఆగాం. గుంత తీశారు. నేను మర్యాదగా వెనక్కి జరిగి నిలబడ్డాను. మా ఆవిడ సీసా పగలగొట్టి, గుడ్డలో చుట్టిన మట్టి ముద్దని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"మీరే నాటండి."

జాడించలేదు, తొక్కలేదు, నొక్కలేదు. ముద్దని ముద్దలాగే దింపి, చుట్టూ మట్టి సర్ది, పై రెండాకులు ఉంచి మిగతావి గిల్లేశాను. మా బావమరిది కంగారు పడిపోయాడు. "అదేంటి బావగారూ, ఆకులు తీసేస్తే చచ్చిపోదా?"

సమాధానం నాకు తెలుసు. అంత తెలిసిన సమాధానం నా జన్మలో ఇంకోటి లేదు. కానీ ఈసారి కోతలు కొయ్యకుండా, చెంబు అందుకుని మొదట్లో నీళ్లు పోశాను. మా ఆవిడ నా వైపు చూసి, తమ్ముడి వైపు తిరిగి, "చావదురా. నాటింది మీ బావగారు" అంది.