వర్షిత కోసం వేసిన ముగ్గు

కొమురవ్వ ముగ్గు వేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. జగదేవ్‌పూర్ పక్క పల్లెలో పనుల్లేక, కూతురు వర్షితతో ప్రజ్ఞాపూర్ వచ్చి ఒక కిరాయి గదిలో దిగింది. కొత్తగా లేచిన కాలనీలో మూడిళ్ల పని కుదిరింది. అంట్లు తోమేవాళ్లు ఎవరైనా దొరుకుతారు, ముగ్గుకు మాత్రం ఆమే కావాలనేవారు.

వర్షిత గజ్వేల్‌లో బట్టల దుకాణంలో చేసేది. వానాకాలంలో కామెర్లు పట్టుకున్నాయి. ముందు పసరు పోయించారు. తర్వాత పట్నం దవాఖానకు తీసుకుపోతే, ఆలస్యం చేశారన్నారు అక్కడివాళ్లు. పిల్ల అక్కడే ప్రాణం విడిచింది. పెళ్లికాని పిల్ల అని చుట్టాలు గబగబా మట్టి చేసి చేతులు దులుపుకున్నారు. ఫొటోకు దండ వేస్తానంటే ఆడబిడ్డ అడ్డం పడింది.

"దాని పేరెత్తకు వదినా. పేరెత్తితే ఇంటి సుట్టే తిరుగుతది."

తిరగనీ, నాకేం బాధ అనుకుంది కొమురవ్వ. దండ మాత్రం పక్కన పెట్టేసింది.

దినాలు అయిపోయాక పనిలోకి పోయింది. కాలనీ సంఘం అధ్యక్షుడు సుధాకర్ ఇల్లు మొదటిది. ఆయన భార్య ప్రమీలాదేవి గుమ్మంలోనే ఎదురైంది. ఎట్లున్నవని అడగలేదు.

"అంట్లు తోము, ఇల్లు తుడువు. ముగ్గు మాత్రం ఏడాది దాంక ముట్టకు కొమురవ్వా. కొత్తిల్లు, మంచిగుండదు."

సింకులో చేతులు పెట్టాక గానీ ఆ మాట కొమురవ్వకు పూర్తిగా ఎక్కలేదు. వాళ్లు అన్నం తినే కంచాలు తోమడానికి ఈ చేతులకు మైల లేదు. వాకిట్లో చుక్క పెట్టడానికి వచ్చిందా మైల? కంచం మీద కంచం గట్టిగా పడింది.

ప్రమీలాదేవి మనవరాలు సాత్విక వంటింట్లోకి వచ్చింది. సెలవు రోజుల్లో వర్షిత వచ్చి ఆ పిల్లకు జడలు వేసేది.

"వర్షితక్క ఏది?"

"ఊరికి పోయింది," అంది ప్రమీలాదేవి టక్కున.

కొమురవ్వ చేతులు కడుక్కుని వెనక్కి తిరిగింది. "ఊరికి పోలే బిడ్డా. అక్క సచ్చిపోయింది. పానం బాగలేక సచ్చిపోయింది."

"పొద్దున్నే పిల్ల ముంగట అవేం మాటలు!" ప్రమీలాదేవి అరిచింది.

"మరి ఎప్పుడనాలమ్మా? మాపటికి అంటే మంచిగుంటదా? నా బిడ్డ గీ ఇంట్ల తిరిగింది. దాని పేరు తీస్తెనే మీ ఇల్లు కూలుతదా?"

చెంగు నడుముకు దోపి, పెరట్లో తను దాచుకున్న ముగ్గుపిండి డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచింది. కాలనీ గేటు ముందు సిమెంటు రోడ్డు వెడల్పుగా ఉంది. అది ఎవరి వాకిలీ కాదు. అక్కడే కూర్చుంది. చుక్కలు పెట్టలేదు. వర్షిత రోజూ ఎక్కే గజ్వేల్ బస్సు వేసింది. దుకాణంలో మడతపెట్టే చీరలు వేసింది. మొహం చూసుకునే పగుళ్ల అద్దం వేసింది. కింద పెద్ద అక్షరాలతో పేరు రాసింది. ఆమెకు వచ్చిన రాత తన పేరూ, బిడ్డ పేరూ అంతే. రెండూ వర్షితే నేర్పింది.

పొద్దుటి నడకకు వచ్చిన మనస్విని ఆగింది. ఎదురింటి ఆమే, కొమురవ్వ ఆమె ఇంట్లోనూ పనిచేస్తుంది.

"బస్సెందుకు వేసినవ్?"

కొమురవ్వ చెప్పింది. కిటికీ పక్క సీటు కోసం పిల్ల ఎంత ఉరికేదో చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. మనస్విని ఊరుకోమనలేదు. పక్కన గొంతుక్కూర్చుని పిండి అడిగింది. కరోనాలో పోయిన తండ్రికి స్కూటర్ వేసింది. చక్రాలు వంకరగా వచ్చాయి.

"ప్లాస్టిక్ సంచిల చుట్టిచ్చిన్రు. మొఖం సుత చూడనియ్యలే. ఇన్నేండ్లల్ల ఒక్కలు అడగలేదు కొమురవ్వా, బాపు ఎట్లుండెటోడని."

గేటు కాపలాదారు డేవిడ్ కుర్చీలోంచి లేచి వచ్చి, చనిపోయిన తమ్ముడికి ఒక కంజీర వేశాడు. చర్చిలో వాడు వాయించేవాడట.

అంతలో సుధాకర్ వచ్చాడు. "గేటు ముంగట సావు బొమ్మలేంది! ప్లాట్లు చూడనీకి జనం వస్తుంటరు." డేవిడ్‌ను నీళ్ల పైపు తెమ్మన్నాడు. డేవిడ్ కదల్లేదు. ఆయనే పైపు పట్టాడు. బస్సు, స్కూటర్, కంజీర కలిసి తెల్లటి నీళ్లై మోరీలోకి పోయాయి.

"నీళ్లు పొయ్యుండ్రి సారూ," అంది కొమురవ్వ, తడిసిన చీరతోనే. "పొద్దుగాల మళ్ల వేస్త. మీ పైపు అలసిపోతదో, నా చెయ్యి అలసిపోతదో చూద్దాం."

తెల్లారి వేసింది. ఆయన కడిగాడు. ఆ మర్నాడు మనస్వినితో పాటు ఇంకో నలుగురు వచ్చారు. బస్సు దిగినవాళ్లూ నిలబడి ఈ బొమ్మలేందని అడగసాగారు, తమవాళ్ల పేర్లు చెప్పసాగారు. అంతమంది మీద నీళ్లు పట్టడానికి సుధాకర్‌కు మొహం చెల్లలేదు. కొమురవ్వను మాత్రం పనిలోంచి తీసేశాడు. మిగతా రెండిళ్ల వాళ్లు తీయలేదు.

దసరా ముందు ప్రమీలాదేవి కబురు పంపింది, ముగ్గుకు రమ్మని. డేవిడ్ ఆ మాట చెబితే కొమురవ్వ తల అడ్డంగా ఊపింది.

"పండుగొస్తె మైల పోయిందా? రానని చెప్పు. నాకింక కోపం పోలే."

ఆదివారం పొద్దున గేటు ముందు జనం కూడారు. మద్దూరు నుంచి కూతురింటికి వచ్చిన ముసలి రాజమల్లయ్య దూరంగా నిలబడి ఉన్నాడు. కొమురవ్వ పిండి డబ్బా ఆయన ముందు పెట్టింది.

"మీకెవరు పోయిన్రు పెద్దయ్యా?"

"నా పెండ్లాం," అన్నాడాయన. "నాకు బొమ్మలు రావు బిడ్డా."

"రాకుంటేమాయె. ఆమె ఎట్లుండెనో చెప్పు, నేనేస్త."

రాజమల్లయ్య కర్ర పక్కన పెట్టి కిందనే కూలబడ్డాడు. "కోపం జాస్తి," అని మొదలుపెట్టాడు.