రాడార్ మీద రెండో చుక్క

అటక మీద పాత జాయ్‌స్టిక్ దొరికింది. చేతిలోకి తీసుకోగానే హన్మకొండలో మా మిర్చి దుకాణం వెనక గది గుర్తొచ్చింది. డబ్బా మానిటర్ వేడెక్కితే దుమ్ము కాలిన వాసన వచ్చేది, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అన్న నాకు యుద్ధ విమానాల ఆట నేర్పింది అక్కడే. అందులో శత్రువు కంటికి కనపడడు, రాడార్ మీద చుక్క మాత్రమే.

"జర ఆగు చెల్లె. బటన్ నొక్కి మనోడేనా అని అడుగు. మనోడైతే జవాబొస్తది. రాకుంటెనే మిసైల్ కొట్టు."

నాకేమో బాపమ్మ మాట మనసులో ఉండేది. "పొద్దుగూకినంక బయటకెల్లి ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలకకు బిడ్డా. దయ్యమైతే మూడోసారి పిలవదు."

అందుకని ప్రతి చుక్కనూ మూడుసార్లు అడిగేదాన్ని. ఈలోపు అది నన్ను కూల్చేసేది. అన్న పడీపడీ నవ్వేవాడు.

అన్న పోయి చాలా ఏళ్లయింది. ఈ సాయంత్రం నెట్ లేకుండా ఒక్కదాన్నే ఆ ఆట ఆడాను. ఒక్క శత్రువునే పెట్టుకున్నాను. రాడార్ మీద రెండో చుక్క కూడా వచ్చింది.

అడిగాను. మనోడేనని జవాబొచ్చింది. మళ్లీ అడిగాను. మళ్లీ వచ్చింది.

మూడోసారి అడగలేదు. బటన్ మీంచి వేలు తీసేసి ఇది రాస్తున్నాను. చుక్క ఇంకా నా పక్కనే వస్తోంది.