డీడీఆర్ మూడు

నేను ఆఫీసులో అటెండర్‌ని. తెలుగు టైపు పరీక్ష పాసైతే కుర్చీ, బల్ల ఉన్న ఉద్యోగం ఇస్తామన్నారు. కిందటిసారి తప్పాను. ఈసారీ తప్పితే మళ్లీ రాసే వీల్లేదని ముందే చెప్పేశారు. సరిగ్గా పరీక్షకు పన్నెండు రోజులుందనగా ఎప్పటినుంచో నసుగుతున్న ఇంట్లో పాత కంప్యూటర్ పూర్తిగా మొరాయించింది. నాలుగు వాక్యాలు కొట్టగానే తెర బిగుసుకుపోయేది. కాసేపటికి నేను కొట్టిన అక్షరాలన్నీ గుంపుగా వచ్చి పడేవి. దీని మీద నేర్చుకోబట్టే కిందటిసారి తప్పానని ఆఫీసులోనూ చెప్పాను, ఆఫీసుకెళ్లే బీర్కూర్ బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకూ చెప్పాను.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే భాయ్ ఇంటికొచ్చి డబ్బా విప్పాడు.

"మెమరీ సాలుతలేదక్కా. పక్కన ఇంకో గాడి ఖాళీగున్నది, అండ్ల ఇంకోటి ఏస్తే ఉరుకుతది. కానీ దీనికి డీడీఆర్ త్రీ రకమే కావాలె. వేరేది పట్టది. నా దగ్గర లేదు, నిజామాబాద్‌ల దొరుకుతది."

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. పరీక్ష అయ్యేదాకా నోటి వెంట వీలైనంత వరకు తెలుగే రావాలని ఒట్టు పెట్టుకున్నాను. చెయ్యికి అలవాటు కావాలంటే ముందు నోటికి అలవాటు కావాలని నా సిద్ధాంతం. మౌస్‌ను ఎలుక అన్నాను. మా ఆయన రెండు రోజులు మంచం కింద వెతికినట్టు నటించి నా ప్రాణం తీశాడు.

ఆ రోజు ఆయన ట్రాక్టర్ సామాను కోసం నిజామాబాద్‌లోనే ఉన్నాడు. ఫోన్ చేశాను.

"కంప్యూటర్‌ల వేసే మెమరీ తీసుకరా. డీడీఆర్ మూడు."

"మూడా?"

"ఆ, మూడే. మర్చిపోయేవు."

"మూడంటే మూడు. నాకేమన్న లెక్కలు రావా?"

సాయంత్రం వచ్చి బల్ల మీద ఒకటి, రెండు, మూడు అని పేర్చాడు. మూడు మెమరీ ముక్కలు, తళతళలాడుతున్నాయి. ఒక్కోదాని మీద డీడీఆర్ ఫోర్ అని రాసి ఉంది.

"గివేంది?" అన్నాను.

"మూడే గదా అన్నవు? దుకాణపాయన పాత రకంవి ఇయ్యబోయిండు, వద్దు, కొత్తయే ఇయ్యమన్న."

అంత గర్వంగా చెప్పే మనిషిని ఏమని తిట్టాలి? తిట్టాననుకోండి. తప్పు నా తెలుగుదని తెలిసి ఇంకాస్త గట్టిగానే తిట్టాను.

ఆయన ఊరుకుంటే బాగుండేది. ఒక ముక్కను గాడిలో పెట్టి చూసి, కింద అంచున ఉన్న కోతను వేలితో తడిమాడు.

"గీ కోత జరంత అటు జరిగింది. ఆకురాయి తేపో. రెండు రుద్దులు రుద్దితే కూసుంటది."

"గిది ట్రాక్టర్ గాదయ్యా!"

భాయ్‌కి ఫోన్ కలిపి సంగతి చెబితే అవతలి నుంచి కేక. "అరే అన్నా, రుద్దకు! బోర్డు కరాబైతది. వేరేది పట్టొద్దనే ఆ కోత అట్ల పెడుతరు. అక్కా, మీ పాత ముక్కనే తీసుకపోయి జత చూసుకోండి."

జత చూసుకోవడం అంటే నాకు తెలియనిదా! చీర సంచిలో పెట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డల మీద పరిచి చూడని ఆడది మా బాన్సువాడలో ఉండదు. మర్నాడు సెలవు పెట్టి, పాత ముక్కను గాజుల డబ్బాలో పెట్టుకుని, ఆ మూడూ పట్టుకుని నిజామాబాద్ వెళ్లాను. మా ఆయన కొన్న దుకాణంలోనే పాత ముక్కను గాజు బల్ల మీద పెట్టి, పక్కన ఒక్కొక్కటే పెట్టించాను. పొడవు చూశాను. కోతకు కోత ఆనించాను. మీద చీటీలో అంకెలు, అక్షరాలు వేలు పెట్టి చదివాను. దుకాణం అతను నవ్వాడు గానీ, నాలుగోది సరిపోయాక నవ్వడం మానేశాడు. మా ఆయన తెచ్చిన మూడూ గొణుక్కుంటూ వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి పాతదాన్ని దాని గాడిలో పెట్టేసి, కొత్తదాన్ని నేనే ఖాళీ గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాను. టక్కున కూర్చుంది. కంప్యూటర్ చెంబు నీళ్లు మొహాన కొట్టినట్టు లేచింది. మీట నొక్కితే చాలు, అక్షరం తెర మీద ఉంటోంది. సంబరంగా గడియారం పెట్టుకుని పరీక్షలో వచ్చేలాంటి ఉత్తరం ఒకటి కొట్టాను. "పై విషయమునకు సంబంధించి తమ దృష్టికి తెచ్చునదేమనగా" దాకా ఒకే ఊపు.

పరీక్షలో ఇచ్చే పది నిమిషాలయ్యేసరికి సగం ఉత్తరం మిగిలే ఉంది. కొట్టిన సగంలో ఒత్తులన్నీ తారుమారు. తెర ఎక్కడా ఆగలేదు. ప్రతి ఒత్తు దగ్గరా నా వేళ్లే ఆగి వెతుక్కున్నాయి. ఇన్నాళ్లూ వేళ్లు ఆగడం కూడా కంప్యూటర్ ఖాతాలోనే వేశాను. భయమేసింది.

"ఎట్ల నడుస్తున్నది?" ఆయన అడిగాడు.

"కంప్యూటర్ మంచిగనే నడుస్తున్నది. నాకే వస్తలేదు."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. అనగానే ఏడుపొచ్చింది. ఇక పడీపడీ నవ్వుతాడని తల దించుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు, ఫోన్‌లో గడియారం తీశాడు.

"ఇగ పదకొండు రోజులున్నయి గదా. కొట్టు, నేను టైం చూస్త. పది గాకపోతే పదిహేను నిమిషాలు ఇస్తలే."

"పదిహేను ఇయ్యకు," కళ్లు తుడుచుకున్నాను. "పదే పెట్టు."