కొండమ్మ లాగి చూసే తాడు

ఓడరేవు పక్కన మా పల్లెలో కొండమ్మకు ఒక తెరచాప పడవ ఉంది. దాని నడుమ చీలికలోంచి నీళ్లలోకి దిగే చెక్క పలక, గాలికి పడవ పక్కకు కొట్టుకుపోకుండా కాస్తుంది. ఒడ్డు దగ్గరపడగానే తాడు లాగి ఆ పలకను పైకెత్తాలి. ఎత్తకపోతే అది ఇసుకలో దిగబడుతుంది, వెనకొచ్చే అల పడవను తిరగేస్తుంది. ఆమె మొగుడు జక్రయ్య పోయింది అలాగే.

కారణం అల్లుడు మరియదాసు. చిలకలూరిపేట దగ్గరి పత్తి చేలల్లో పుట్టి, కొండమ్మ కూతురు రెబ్కాను చేసుకుని ఇల్లరికం వచ్చాడు. ఎద్దులకు నూలు పగ్గాలు పేనడంలో దిట్ట. కొబ్బరి తాడు లాగీ లాగీ మామ అరచేతులు చీరుకుపోతున్నాయని వాడికి బాధ. పత్తి నూలుతో మెత్తటి తాడు పేని పలకకు కట్టాడు. ఒడ్డున పొడిగా లాగితే చక్కగా జారింది. జక్రయ్య మురిసిపోయాడు. సముద్రంలో నానేసరికి నూలు ఉబ్బి, తాడు దూరే కంతలో బిగుసుకుపోయింది. మామా అల్లుడూ కలిసి లాగినా పలక లేవలేదు. అల్లుడు ఈదుకొచ్చాడు. మామను పడవ కిందనుంచి తీశాం.

నేనైతే వాణ్ణి మళ్లీ గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు. ఆ మాట సమాధుల దొడ్డిలోనే పైకి అన్నాను. కొండమ్మ వినిపించుకోలేదు. పడవ బాగుచేయించి అల్లుడి చేతికే ఇచ్చింది.

అప్పటినుంచి పడవ ఒడ్డుకు రాగానే ఆమె పని మొదలు. పలకను ఊడదీయించి మంచినీళ్లతో కడుగుతుంది. అంటుకున్న గుల్లలు గీకుతుంది. చీలికలో ఇరుక్కున్న ఇసుకను వెదురు పుల్లతో తీస్తుంది. కొబ్బరి తాడును ఉప్పు పోయేదాకా కడిగి, వేళ్లతో తడిమి, పీచు లేచినచోట కోసేస్తుంది. తెల్లారి పడవ నీళ్లలోకి దిగేముందు తాడు తడిపి, తనే లాగి చూస్తుంది. అంతవరకూ వాడు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

"నేను చూశానత్తా," అనేవాడు.

"చూశావులే. నన్నూ చూడనీ."

నలుగురిలో అంత చిన్నబుచ్చడం నాకు నచ్చలేదు. వాడంటే నాకేం ప్రేమ లేదు, అయినా మనిషే కదా! ఒకరోజు పడవ వెళ్లిపోయాక ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమే కొండమ్మా, నమ్మకం లేనోణ్ణి ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు? రోజూ జనంలో వాడి పరువు ఎందుకు తీస్తావు?"

ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంది. కోప్పడుతుందనుకున్నాను.

"వాడి మీద నమ్మకం లేక కాదే. మామను చంపుకున్నానని నిద్దట్లో ఏడుస్తాడు. రెబ్కా చెప్పింది. సముద్రం సంగతి మనకేం తెలుసు, రేపు మళ్లీ ఏదన్నా అయితే? ఆఖర్న తాడు చూసింది నేనని ఊరందరికీ తెలియాలి. తప్పు నా మీదికి రావాలి. రెండోసారి వాడు మొయ్యలేడు."

ఆమె గంప ఎత్తుకుని ఇంటిదారి పట్టింది.