బావ పెంచిన స్పీడు

మా బావ దశదిన కర్మకి వచ్చినవాళ్లలో సగం మంది గిటారు వాయించేవాళ్లే. ఎల్‌బీ నగర్ చౌరస్తాకి ఇవతల సందులో ఉన్న ఫంక్షన్ హాల్లో, దండ వేసిన ఫొటో పక్కన నిలబడి, ఒక్కొక్కడూ మైకు పట్టుకుని ఆయన్ని ఆకాశానికెత్తాడు. "వేళ్లకు స్పీడ్ నేర్పిన దేవుడు" అన్నాడొకడు. "సోలో అంటే ఏందో సార్ కాడనే తెల్సింది" అన్నాడు ఇంకొకడు, కళ్లు తుడుచుకుంటూ. సొంత బామ్మర్దిని కదా, నన్ను కూడా రెండు ముక్కలు చెప్పమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. నా గొంతుకేం, లక్షణంగా ఉంది. ఆ మైకు గనక నా చేతికి వచ్చి ఉంటే, పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలన్న మర్యాద ఆ పూటతో ఆ హాల్లో ముగిసిపోయేది. అందుకని వెళ్లి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, అన్నం కలుపుకుంటూ ఆ పొగడ్తలన్నీ విన్నాను.

బావంటే మా అక్క భర్త. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం. ఆయనది నల్లగొండ పక్కన పల్లె, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాయించేవాడు. అలాంటి ఒక పెళ్లిలోనే అక్క ఆయన్ని చూసింది, కొన్నాళ్లకి ఇంట్లో చెప్పకుండా చేసుకుంది. నాన్న ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ ఆఫీసరు. అల్లుడి పేరు ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. "ఆ వాయించుకునేవాడు" అనేవారు, అది కూడా తప్పనిసరైతేనే. అక్క వాళ్ల కిరాయి ఇల్లు ఎల్‌బీ నగర్‌లో, మా ఇంటి దగ్గర సిటీ బస్సెక్కితే టికెట్టు తీసుకునేలోపు వచ్చేసేంత దూరం. అయినా నాన్న ఆ గడప తొక్కలేదు. అమ్మ మాత్రం గోంగూర పచ్చడి డబ్బాతో గుడికని చెప్పి వెళ్లొచ్చేది. గుడికి పచ్చడి ఎందుకని నాన్న అడిగేవారు కాదు. అక్క అమ్మని ఏమీ అడిగేది కాదట, "నాన్న ఎప్పుడొస్తారు" అని తప్ప.

బావ గిటారు క్లాసు పెట్టింది మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోనే, కోచింగ్ సెంటర్లు తప్ప ఇంకేమీ కనిపించని ఒక సందులో, పై అంతస్తు గదిలో. మొదట్లో ఎవరూ చేరలేదు. మెట్లెక్కి వచ్చిన తల్లిదండ్రులు రొప్పు తగ్గగానే అడిగే మొదటి ప్రశ్న, "కిందటేడు ఎన్ని ర్యాంకులొచ్చాయండీ?" గిటారుకి ర్యాంకేమిటని ఇంకెవరైనా నవ్వేవాళ్లు. మా బావ నవ్వలేదు. నెల తిరిగేసరికి ఆదివారం టెస్టు పెట్టాడు, ర్యాంకులు ఇచ్చాడు, వీధిలోకి కనపడేలా ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద టాపర్లు మెడలు బిగబట్టుకుని, హాల్‌టికెట్ ఫొటోల్లో ఉన్నట్టే ఉండేవాళ్లు, చేతిలో గిటారు ఉండడమొక్కటే తేడా. క్లాసు నిండిపోయింది. ఫస్టు ర్యాంకువాడికి ఫ్యాను కింద కుర్చీ, ఆఖరివాడికి చెప్పుల స్టాండు పక్కన.

టెస్టు దేనికంటే, స్పీడుకి. బల్ల మీద మెట్రోనోమ్ పెట్టి, అది టిక్కుటిక్కుమంటుంటే ఒకే స్వరాల వరసని పైకీ కిందకీ వాయించాలి. ఒక్కో ఆవృత్తం అవగానే బావ దాని వేగం కొంచెం పెంచుతాడు. తడబడ్డవాడు లేచి నిలబడాలి. చివరిదాకా కూర్చున్నవాడు ఫస్టు. పాట బాగుందా, తీగ పలికిందా అని ఎవరూ అడగరు. "క్లిక్‌ను ఇడిసినోడు ఫెయిల్" అనేవాడు బావ, ఆ టిక్కుటిక్కునే ఉద్దేశించి. "నీకు మంచిగనిపిస్తె గాదు, క్లిక్‌కు మంచిగనిపియ్యాలె." ఆ మాట గోడ మీద రంగుతో రాయించాడు కూడా.

ఇంటరు సెలవుల్లో, కాలక్షేపమే కదా అని నాన్న చూసీచూడనట్టు ఊరుకోగా, నేను అందులో చేరాను. బామ్మర్దిని కాబట్టి బాగా చూసుకుంటాడనుకున్నాను. మామ మీద ఉన్న కసంతా బామ్మర్ది వేళ్ల మీద తీర్చుకున్నాడు. "ఏందిర, మీ నాయిన లెక్క గట్ల ఒత్తుతున్నవ్? తీగల్ని బెదిరియ్యకు, జర ముట్టుకో, సాలు" అని అందరిముందూ అనేవాడు. క్లాసు ఘొల్లుమనేది. మా అమ్మ పంపిన పచ్చడి పొద్దున తిని, సాయంత్రం ఆమె కొడుకుని చెప్పుల పక్కన కూర్చోబెట్టేవాడు. నా చిటికెన వేలికి గిటారు మెడ మీది మెట్టు వదిలి పైకి లేచే జబ్బు ఉండేది. అది లేచినప్పుడల్లా చేతిలో ఉన్న, తీగలు మీటే పిక్‌తో టక్కున కొట్టేవాడు. నెప్పి పెద్దగా ఉండదు, అవమానం మాత్రం ఇంటికి వచ్చేదాకా ఉండేది.

ఆయనకి విద్య రాదని నేననను. వచ్చు. అసలు మంట అదే. వేలికొక మెట్టు చొప్పున పెట్టడం, వేళ్లని తీగకి దగ్గరగా ఉంచి అనవసరంగా ఎగరనివ్వకపోవడం, పిక్ మొన మాత్రమే తగిలేలా కిందికొకటీ పైకొకటీ సమానంగా మీటడం, ముందు నత్తనడకన తప్పు లేకుండా వచ్చాకే స్పీడు పెంచడం, తప్పొస్తే సిగ్గుపడకుండా మళ్లీ వెనక్కి రావడం, అన్నీ ఆయన చెప్పినవే. నేనవన్నీ కసితో చేశాను. సంగీతం మీద ప్రేమతో సాధన చేశానని చెప్పుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. నేను ఒక మనిషి మీద పగతో సాధన చేశాను, అది కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వేళ్ల కొసలు పొక్కి, ఊడి, గట్టిపడ్డాయి. చిటికెన వేలు దారికొచ్చింది. డిగ్రీ ఆఖరి ఏడాదికల్లా ఫ్యాను కింద కుర్చీ నాది, ఫ్లెక్సీ మీద మెడ బిగబట్టిన ఫొటో నాది.

ఆ ఏడాదే నాన్న షరతు పెట్టారు. క్లాసు వార్షికోత్సవంలో సోలో ఫస్టు ర్యాంకువాడికే ఇస్తారు. "నేనూ వస్తాను. నలుగురిలో పరువుగా వాయించావా, గిటారు నీది, ఆర్కెస్ట్రాలో చేరతానన్నా అడ్డుచెప్పను. లేదా, అది అటకెక్కుతుంది, నువ్వు సీఏ కోచింగుకి వెళ్తావు" అన్నారు. నాన్న నోట అంత ఉదారమైన మాట నేనెప్పుడూ వినలేదు. ఆ సోలో నిద్రలో లేపి అడిగినా వాయించగలను. గిటారు నాదైపోయినట్టే అనుకున్నాను.

మన్సూరాబాద్‌లో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో పెట్టారు ఫంక్షను. నాన్న ఇస్త్రీ చొక్కాతో రెండో వరసలో కూర్చున్నారు. మూడు కుర్చీలవతల అక్క, ఆయన వైపు చూడాలా వద్దా అన్నట్టు. వేదిక మీద నా వెనక బావ, ఒడిలో గిటారు, పక్కన స్టూలు మీద తాళం వేసే రిథమ్ బాక్సు. మొదటి ఆవృత్తం నెమ్మదిగా, చక్కగా సాగింది. రెండోదాంట్లో పరుగులు మొదలయ్యాయి, ఒక్క స్వరం కూడా చెదరలేదు. నాన్న వేలు మోకాలి మీద తాళం వేయడం చూశాను. ఆయన తాళం వేయగా చూసింది అప్పుడే. సరిగ్గా అప్పుడు వెనక తాళం వేగం పెరిగింది. పొరపాటున చెయ్యి తగిలిందేమోనని తిరిగి చూశాను. బావ చెయ్యి రిథమ్ బాక్సు మీదే ఉంది. నా కళ్లలోకి చూస్తూనే మరికాస్త తిప్పాడు.

ఇంకెవరైనా అయితే ఆ తాళాన్ని దాని ఖర్మకి వదిలేసి తన వేగంలో తను వాయించుకునేవాడు. ఆర్కెస్ట్రా వాళ్లు రోజూ చేసే పనే అది. కానీ నేను ఫస్టు ర్యాంకువాణ్ని. క్లిక్‌ని వదలకూడదన్న ఒక్క పాఠం నా అంత బాగా వచ్చినవాడు ఆ క్లాసులో లేడు. అది పరిగెత్తితే నేనూ పరిగెత్తాను. ఇంకా పెంచాడు. ముందు చిటికెన వేలు లేచింది, తరవాత పిక్ పక్క తీగకి తగిలింది, తరవాత స్వరాలన్నీ ముద్దయిపోయి చెయ్యి బిగుసుకుపోయింది. నేను ఆగిపోయాక కూడా ఆ బాక్సు ఒక్కటే టకటకమంటూ పోయింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

వేదిక వెనక బావని పట్టుకుని, "ఎందుకు పెంచావు బావా?" అని అడిగాను. ఆయన వైరు చుట్టుకుంటూ, తలెత్తకుండా, "ముంగటికి పోవాలంటె స్పీడ్ పెరుగుతది బామ్మర్ది. నీతోని కాకపోతె నేనేం జెయ్యాలె?" అన్నాడు.

గిటారు అటకెక్కింది. నేను సీఏ చదివి ఆడిటర్నయ్యాను. నా ఉద్యోగం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, నాకు తప్ప. అదే సాయంత్రం నాన్న మొట్టమొదటిసారి అక్క ఇంట్లో భోంచేశారు. గెలిచిన ఆనందంలో మెత్తబడ్డారనుకున్నాను. నేను తినకుండా బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆ తరవాత ఇన్నేళ్లలో బావతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మా ఇంటికి వస్తే నాకు బజారులో పనిపడేది. మూసారాంబాగ్ మెట్రో స్టేషన్లో ఒకే ప్లాట్‌ఫారం మీద ఎదురుపడితే, ఆయనెక్కిన రైలు వెళ్లిపోనిచ్చి తరవాతది ఎక్కాను. నాన్న పోయినప్పుడు కూడా పక్కపక్కనే నిలబడ్డాం, అంతే.

మొన్న అక్కని చూద్దామని వెళ్లాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "కర్మ రోజు మీ బావ గురించి ఒక్క మాటన్నా చెప్పలేదేంరా?" అంది. ఇక ఆపుకోలేకపోయాను. "నలుగురిలో నా పరువు తీసి గిటారు లాగేసుకున్నవాడి గురించి ఏం చెప్పాలక్కా?" అన్నాను. అక్క చేతులాగిపోయాయి. "ఆయన తన కోసం చేశాడనుకున్నావా? నాన్నే కదరా అడిగింది. నీకు తెలుసనుకున్నాను" అంది. ఫంక్షనుకి ముందు నాన్న ఆ క్లాసు మెట్లెక్కి వెళ్లారట. వీడి బుర్రలోంచి గిటారు దించెయ్యి, నేను చెబితే వినడు, నువ్వు దించితే మీ ఇంటికొచ్చి భోంచేస్తాను అన్నారట.

"మీ బావ ఒప్పుకోలేదురా. పిల్లగాడు మంచిగ వాయిస్తడు, నాతోని కాదు అన్నాడు. నేనే ఏడ్చి ఒప్పించాను. నాన్న ఒక్కసారి మా గడప తొక్కితే చాలనిపించింది."

ఇక్కడ నా మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది. కరగలేదు. నాన్న మీద కోపం రెట్టింపైంది. బావ మీద ఉన్నది ఇసుమంత కూడా తగ్గలేదు, ఒప్పుకోనన్నవాడు ఒప్పుకోకుండానే ఉండాల్సింది. ఇక మూడో మనిషి నా ఎదురుగా, బొట్టు లేని మొహంతో, ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెంతో, "భోంచేసి వెళ్తావా?" అని అడుగుతోంది. తిని వచ్చాను. కాలం గడిస్తే కోపం పోతుందంటారు గానీ, నా కోపం అలాగే ఉంది. కాలం చేసిందల్లా, కోప్పడదగిన ఇద్దరినీ తీసుకుపోయి, కోప్పడలేని మనిషిని ఒక్కర్తిని నాకు మిగల్చడం.