గోడమామ మాట మార్చిన రోజు

ఆ రోజుల్లో మొగవాడికి నొప్పి ఉండదని మేమంతా గట్టిగా నమ్మేవాళ్ళం. ఎవరు చెప్పారో తెలియదు గానీ, దెబ్బ తగిలినప్పుడు మొహం కదలకుండా ఉంచుకోగలిగితే చాలు, పదిమందీ మన మాట వింటారని ఇరవై రెండేళ్ళ వయసులో నాకు బాగా స్థిరపడిపోయింది. అప్పుడు నేను దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాని. లారీ కాటా ఎక్కితే బరువు రాసుకోవడం, దిగాక చెయ్యి ఊపడం, అంతే నా ఉద్యోగం. రోజంతా కుర్చీలో కూర్చునేవాడికి పౌరుషం కాస్త ఎక్కువ కావాల్సొస్తుందేమో (ఇది ఇప్పటి తెలివి, అప్పటిది కాదు). ఆ పౌరుషం చూపించుకోవడానికి నాకు ఫుట్‌బాల్ దొరికింది.

మా వైపు ఆటంటే కబడ్డీ, లేకపోతే వాలీబాల్. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు వెల్డింగ్ పనికి కేరళ నుంచి వచ్చినాయన ఒకడు పోతూ పోతూ తన బంతి మాకు వదిలి వెళ్ళాడు. బంతితో పాటు రూల్సు సగం చెప్పాడు, మిగతా సగం మేం కల్పించుకున్నాం. గ్రౌండు కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఫ్యాక్టరీ వెనక రాయి తీసేసి వదిలేసిన పాత క్వారీ ఉండేది. అడుగంతా బల్లపరుపుగా ఉండేది. మూడు పక్కలా తాడిచెట్టు ఎత్తున తెల్లటి సున్నపురాయి గోడలు. అందులో నిలబడి అరిస్తే గోడ తిరిగి అరిచేది. ఆ గొంతుకి మేం పెట్టుకున్న పేరు గోడమామ. గోడమామ చానా నిజాయితీపరుడు. ఏ మాటైనా ఒక్కసారే అనేవాడు, మనం అన్నదే అనేవాడు. "గోల్" అంటే "గోల్" అనేవాడు, అది గోల్ కాకపోయినా సరే.

ఆ గోడ అవతలే కొత్త క్వారీ. అక్కడ రోజూ పొద్దున రాయి పేల్చేవాళ్ళు. మొదటి సైరను కూస్తే చుట్టుపక్కల మనుషులంతా బయటికి పోవాలి. రెండో సైరను కూస్తే పేలుతుంది. పేలినప్పుడు కొబ్బరిబోండాలంత రాళ్ళు గోడ దాటి మా గ్రౌండులో పడేవి. అందుకని మేం తెల్లవారుతూనే దిగి, మొదటి సైరనుకి పైకి ఎక్కేసేవాళ్ళం. దారి దగ్గర ఎర్రజెండా పట్టుకుని వాచ్‌మన్ తాత కూర్చునేవాడు. మేం దిగేటప్పుడల్లా ఒకటే మాట చెప్పేవాడు. "మంచు దిగినప్పుడు ఎవుర్నీ మూడోసారి పిలవబాకండిరా. మొదటి రెండు సార్లకీ పలక్కపోతే, మూడోసారి పలికేది వాడు కాదు."

మేం నవ్వేవాళ్ళం. పైకి ఎక్కాక నవ్వేవాళ్ళం, కింద ఉన్నప్పుడు కాదు.

నేను కెప్టెన్ని. ఆట బాగా ఆడి కాలేదు. మొదటి వారంలోనే ఒక రాయికి తగిలి నా కాలిగోరు ఊడిపోతే, ఊడిన గోరుని చేత్తో తీసి అవతల పారేసి ఆట సాగించాను. అంతే, నాకు ఇనపకాలు అని పేరొచ్చింది, పేరుతో పాటు పదవీ వచ్చింది. (ఆ రాత్రి మా అమ్మ పసుపు పెడుతుంటే దుప్పటి నోట్లో కుక్కుకున్న సంగతి టీముకి తెలియదు.) ఇక అక్కడి నుంచి నాది ఒకటే శాసనం. దెబ్బ తగిలినోడు నోరు తెరవకూడదు. తెరిస్తే టీములో ఉండడు. నేను ముందు పడేవాణ్ణి, నెత్తురు కారుతుంటే సున్నపుదుమ్ము అద్దుకుని నవ్వేవాణ్ణి, నన్ను చూసి మిగతావాళ్ళూ అద్దుకునేవాళ్ళు. నెల తిరిగేసరికి మా టీములో అరుపు లేదు, మూలుగు లేదు. పుష్యమాసం మంచులో, ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో, పదకొండు మంది చప్పుడు చెయ్యకుండా పరిగెత్తుతుంటే పైనుంచి చూసిన ఒక లారీ డ్రైవరు నా కాటా మీదకొచ్చి, "ఏమయ్యా గుమాస్తా, మీ క్వారీలో పొద్దున్నే తెల్లటోళ్ళు తిరుగుతున్నారు, ఒక్కడికీ నోరు లేదు" అన్నాడు. నాకెంత గర్వమేసిందో చెప్పలేను.

మా గోల్‌కీపర్ని స్పానర్ అనేవాళ్ళం. వాళ్ళ నాయనకి రోడ్డు మీద లారీ మెకానిక్కు షెడ్డు ఉండేది. పద్దెనిమిదేళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉండి, బంతి వస్తే కళ్ళు మూసుకుని దాని మీద పడేవాడు. అందరికన్నా నా శాసనాన్ని నమ్మినవాడు వాడే. ఆ ఆదివారం మాచర్ల వాళ్ళతో మా మొట్టమొదటి పందెం. దానికి మూడు రోజుల ముందు సాయంత్రం నేను ఇంటి గడపకి తన్నుకుని బొటనవేలు విరగ్గొట్టుకున్నాను. ఎవరికి చెప్తాను? మర్నాడు పొద్దున వేలికి గుడ్డ చుట్టుకుని, కుంటకుండా నడవడానికి పళ్ళు బిగించి, మంచులోకి దిగాను.

అలాంటి మంచు నేను మళ్ళీ చూడలేదు. చాచిన చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల గాలి. బంతి కాలికి తగిలేదాకా కనపడదు. మనిషి మీద పడేదాకా కనపడడు. కాసేపటికి ఎవడో కొట్టిన బంతి గోలు దాటి వెనక్కి పోయింది. మా పద్ధతి ప్రకారం గోలు వదిలినోడే బంతి తేవాలి. స్పానర్ దుమ్ములో కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి పోయిన చప్పుడు వినపడింది. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది.

మేం నిలబడ్డాం. బంతి రాలేదు, వాడూ రాలేదు.

"ఒరేయ్ స్పానర్!" అన్నాను.

"ఒరేయ్ స్పానర్!" అన్నాడు గోడమామ.

సరిగ్గా అప్పుడు మొదటి సైరను కూసింది. మంచులో అది ఎటునుంచి వస్తోందో తెలియలేదు, నేలలోంచి లేచినట్టుంది. మా చిన్నాన్న కొడుకు నా చొక్కా పట్టుకున్నాడు. "అన్నా, వాడు పైకి ఎక్కేసుంటాడు, పోదాం పా."

"ఎక్కితే మన పక్కనుంచే గదరా ఎక్కాలి?"

రెండో సైరనుకి ఎంతో వ్యవధి ఉండదు. అందరం కలిసి రెండోసారి పిలిచాం. గోడ కూడా అందరి గొంతుతో పిలిచి ఊరుకుంది. ఇక మిగిలింది మూడోసారి. తాత మాట అందరికీ గుర్తొచ్చినట్టుంది, దగ్గరగా మూగి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సున్నం కొట్టిన మొహాల్లో కళ్ళు మాత్రమే ఉన్నాయి. అందులో ఏ కళ్ళు ఎవరివో నాకు తెలియలేదు. లెక్క పెట్టుకుందామన్నా భయమేసింది, పదిమందికి బదులు పదకొండు మంది తేలితే ఏం చెయ్యాలని.

"కెప్టెన్ గదా, నువ్వే పిలువన్నా," అన్నాడొకడు.

ఇక్కడ నేను చేసింది ధైర్యమని చానామంది చానాకాలం చెప్పుకున్నారు. జరిగింది చెప్తాను. పిలవడానికి నోరు రాలేదు. పిలవకుండా నిలబడితే పరువు పోతుంది. కనీసం వెతుకుతున్నట్టన్నా కనపడాలని గోలు వైపు పెద్ద అంగ వేశాను. ఆ అంగ తిన్నగా ఒక రాతి అంచుని, నా విరిగిన బొటనవేలితో, పూర్తి బరువుతో తన్నింది.

"అమ్మా!" అన్నాను. అనడం కాదు, ఆ క్వారీలో అంతవరకూ మేం మింగిన అరుపులన్నీ ఒక్కసారి నా నోట్లోంచే బయటపడ్డాయి.

"అమ్మా!" అన్నాడు గోడమామ.

తర్వాత, గోడమామ అలవాటుకి విరుద్ధంగా, రెండోసారి పలికాడు. సన్నగా, నేల అడుగునుంచి.

"అమ్మీ..."

గోడ మాట మార్చింది. అంతే, మా టీము టీమంతా దారి వైపు పరిగెత్తింది. నెల రోజులుగా నేను కష్టపడి నేర్పిన మౌనం ఆ పరుగులో పూర్తిగా పోయింది. దేవుళ్ళ పేర్లు, తల్లుల పేర్లు అన్నీ వినపడ్డాయి. నేను కూడా పరిగెత్తేవాణ్ణే. ప్రమాణం చేసి చెప్తున్నాను, పరిగెత్తాలనే వెనక్కి తిరిగాను. నొప్పి కాలిని నేల మీద ఆననీయలేదు. కెప్టెన్ ఒక్కడే నిలబడ్డాడని వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. నిలబడలేదు, కూర్చున్నాను.

అలా కూర్చునుంటే మెల్లగా బుర్రలోకి ఎక్కింది. మేమందరం అమ్మా అంటాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, తల్లిని అమ్మీ అనేవాడు మా టీములో ఒక్కడే.

"స్పానర్! యాడున్నావురా?"

"గుంటలో అన్నా," అంది నేల. "కాలిరిగింది."

గోలు వెనక, ఒకప్పుడు నీళ్ళు తోడే ఇంజను పెట్టిన గుంట ఉంది. నేను డేకుతూ అంచుదాకా వెళ్ళి తల లోపలికి వంచాను. వాడు అడుగున బంతిని కడుపుకి కరుచుకుని పడున్నాడు. పిండిలో పడ్డ బొమ్మలా ఉన్నాడు, కన్నీళ్ళు పారిన చోట మాత్రం రెండు నల్లటి గీతలు.

"పిలుస్తుంటే వినపళ్ళేదేందిరా నీకు?"

"వినపడింది."

"మరి పలకవేందిరా!"

వాడు నన్ను చూసిన చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "దెబ్బ తగిలితే నోరు తెరవొద్దన్నావు గదన్నా. తెరిస్తే ఆదివారం ఆడనీవు. నొప్పి తగ్గినాక మెల్లగా వద్దామనుకున్నా. నువ్వే అరిచేసరికి... ఇంక అరవొచ్చేమోననుకున్నా."

గుంటలోకి దిగి వాడి పక్కన కూర్చుని, వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని, రెండో సైరను కోసం పైకి చూస్తూ ఇద్దరం గొంతెత్తి ఏడ్చాం. "అమ్మా" అని నేను, "అమ్మీ" అని వాడు, రెండూ కలిపి గోడమామ. ఆ మంచులో పైనుంచి విన్నవాళ్ళకి ఎలా ఉండుంటుందో నాకు తర్వాత వాచ్‌మన్ తాతే చెప్పాడు. మా టీము "గోడ మాట్లాడింది తాతా" అని వెళ్ళి ఆయన మీద పడిందట. "గోడెందుకు మాట్లాడుద్దిరా, లోపల మనిషుంటే మాట్లాడతాడు" అని ముసలాయన ఎర్రజెండా ఊపుకుంటూ కొత్త క్వారీ వైపు పరిగెత్తాడు. ఆ రోజు రెండో సైరను కూయలేదు. మూడోసారి పిలవొద్దన్న మనిషే, గుంట అంచు మీదకి వచ్చి మమ్మల్ని పేరుపేరునా పిలిచి, పలికేదాకా పిలిచి, పైకి తీయించాడు.

ఆదివారం మాచర్ల వాళ్ళతో తొమ్మిదిమందితో ఆడి ఓడిపోయాం. కొత్త శాసనం పెట్టాను: దెబ్బ తగిలినోడు అందరికీ వినపడేలా అరవాలి. ఇందులో కూడా ముందు నేనే. వేలికి కట్టుతో గట్టు మీద కూర్చునే అరిచాను. మాచర్ల జనం కడుపు పట్టుకుని నవ్వారు. "ఏం టీమురా ఇది, పురిటి వార్డులా ఉంది" అన్నారు. అయినా ఆ తర్వాత మాలో ఎవరూ తప్పిపోలేదు.

స్పానర్ కాలు అతుక్కుంది గానీ కొంచెం పొట్టిదయింది. చూడటానికి వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "అందరూ పారిపోయినా నువ్వు నా బిడ్డని వదల్లేదు బాబూ" అని చిక్కటి పాలతో టీ ఇచ్చింది. వాడు పలకలేదనీ, పలకనివ్వంది నేనేననీ, కాలు బాగుంటే నేనే అందరికన్నా ముందు పారిపోయేవాణ్ణనీ చెప్పాలి. టీ వేడిగా ఉందని ఊదుకున్నాను. మంచం మీదనుంచి స్పానర్ నన్నే చూస్తున్నాడు. అన్నీ తెలిసినవాడు, నోరు తెరవలేదు. నా పాత శాసనాన్ని వాడు చివరిసారి పాటించింది అప్పుడే. నాకు చెప్పే ధైర్యం వచ్చేనాటికి ఆవిడ లేదు.

ఇప్పుడు నాకు కుర్చీలోంచి లేస్తే చాలు, "అమ్మా" అని దానంతటదే వస్తుంది. "ఏమైందండీ?" అంటుంది వంటింట్లోంచి మా ఆవిడ. ఏం కాలేదంటాను. అలా అన్నాక కూడా కాసేపు కదలకుండా నిలబడి చెవి పెడతాను, ఇంకెక్కణ్ణుంచైనా సన్నగా ఇంకో మాట వస్తుందేమోనని. రాదు. అప్పుడు ఫోన్ తీసి నరసరావుపేటలో స్పానర్ పెట్టుకున్న షెడ్డుకి చేస్తాను. హలో అనను, "అమ్మా" అంటాను. అవతల స్పానర్లు గలగలలాడుతుంటాయి. వాడు ఒక్క క్షణం ఆగి, అంతమంది పనివాళ్ళ మధ్య సిగ్గులేకుండా, గట్టిగా జవాబిస్తాడు.